కర్సర్ ఎక్కడుంది?

కీసర మండలంలో చీర్యాల, బోగారం దిక్కున ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో జావా ల్యాబ్ రికార్డు ఏది తిరగేసినా ఒక ప్రోగ్రాం ఎదురవుతుంది. మౌస్‌ను నొక్కినా, వదిలినా, లాగినా ఆ ఈవెంట్ పేరును విండో నడిమధ్యలో చూపించే ప్రోగ్రాం అది. జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో ఏళ్లుగా పాతుకుపోయింది. కీబోర్డు ఈవెంట్లూ పాఠంలో ఉంటాయి. డెలిగేషన్ ఈవెంట్ మోడల్ వివరించమని పరీక్షలో అడిగితే పిల్లలు రాసేస్తారు, మార్కులు వస్తాయి. ఆ తర్వాత మినీ ప్రాజెక్టు. లైబ్రరీ పుస్తకాల లెక్కయినా, ఆసుపత్రి ఓపీ చీటీలయినా, కాలేజీ ఫీజులయినా మొదటి స్క్రీన్ మాత్రం లాగిన్ ఫారమే. పైన యూజర్‌నేమ్, కింద పాస్‌వర్డ్, ఆ కింద ఒక బటన్. అరగంట పని కదా అని జట్టులో అందరికన్నా కొత్తగా కోడ్ రాస్తున్నవాళ్లకు అప్పగిస్తారు.

శ్రద్ధ గురించి రాస్తున్న ఈ పుస్తకంలో ఆ అరగంట పనికి ఒక అధ్యాయం మొత్తం ఇస్తున్నాను. మీ అప్లికేషన్ వాడే ఉద్యోగి పొద్దున్నే వచ్చి కూర్చోగానే చూసే స్క్రీన్ అది. మిగతావి పనిని బట్టి మారతాయి, ఇది మారదు. ఇక్కడ మీరు వదిలేసిన చిన్న లోపం ఆ మనిషి ఓపికను ఏళ్ల తరబడి రోజుకింత తింటుంది. పైగా ఆయన మీకు ఫిర్యాదు కూడా చేయడు. తనకే కంప్యూటర్ సరిగ్గా రాదనుకుని ఊరుకుంటాడు. నాకు బాధ కలిగించేది అదే. తప్పు ఫారంలో ఉంటే, సిగ్గు వాడే మనిషికి మిగులుతుంది.

ముందు కోడ్ మూసేయండి. కీసరలోనో, మీ ఊరికి దగ్గర్లోనో ఒక మీసేవ కేంద్రానికి వెళ్లండి. 2011 నవంబరులో మీసేవ మొదలైనప్పటి నుంచి కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బర్త్ సర్టిఫికెట్ వంటివి ఈ ఆపరేటర్ల చేతుల మీదుగానే జనానికి అందుతున్నాయి. మీ పని మీద వెళ్లినప్పుడే, మీ వంతు వచ్చేదాకా ఆ చేతులను గమనించండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం చూపు తిప్పుకోవాలి, అది మర్యాద. ఆపరేటర్ ఎడమచేయి కాగితాన్ని పట్టుకుని ఉంటుంది, కళ్లు కాగితం మీదే ఉంటాయి, వేళ్లు కీబోర్డును చూడకుండానే నడుస్తాయి. కుడిచేయి లేచి మౌస్ దగ్గరికి వెళ్లిందంటే లయ తెగినట్టే. కళ్లు కాగితం వదిలి స్క్రీన్ మీద బాణం గుర్తును వెతుక్కోవాలి, మళ్లీ కాగితంలో ఆగిన చోటును వెతుక్కోవాలి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన "ఏమైంది బిడ్డా, ఇంకా కాలే?" అంటాడు. "లాగిన్ పోయింది తాతా, మళ్ల కొడుతున్న" అని జవాబు.

కీసర ఉన్న ఇదే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని మూడుచింతలపల్లిలో 2020 అక్టోబరు 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి ప్రారంభమైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టం మారింది, పోర్టల్ మారింది, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి మొదట చేసే పని మాత్రం లాగిన్ అవడమే. అవి బ్రౌజర్‌లో నడిచేవి, నేను చెప్పబోయేది డెస్క్‌టాప్ అప్లికేషన్ల గురించి. ఫీజుల కౌంటర్లలో, మందుల షాపుల్లో, రైస్ మిల్లుల ఆఫీసుల్లో ఇప్పటికీ నడుస్తున్నవి చాలావరకు అవే. మీ తొలి ఉద్యోగంలో మీ చేతికి వచ్చేదీ అలాంటిదే కావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. కీబోర్డు మీద ఒక కీ నొక్కితే అది ఎవరికి చేరాలి? స్క్రీన్ మీద ఎన్ని బాక్సులున్నా ఒక సమయంలో ఒక్కదానికే చేరుతుంది. ఆ ఒక్కదానికి ఫోకస్ ఉందంటాం. మౌస్‌కు ఈ చిక్కు లేదు, నొక్కిన చోటే దాని గురి. కీబోర్డుకు స్క్రీన్ మీద చోటంటూ ఏదీ తెలియదు, ఫోకస్ ఎటుంటే అటు పోతుంది. అందుకని కీ ఈవెంట్లనూ ఫోకస్ ఈవెంట్లనూ విడివిడిగా చదవొద్దు. లాగిన్ ఫారంలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండూ కలిసే చోట పుట్టేవే.

ఫారం తెరుచుకోగానే కర్సర్ యూజర్‌నేమ్ బాక్సులో మిణుకుమనాలి. నిన్నటి యూజర్‌నేమ్‌ను గుర్తుపెట్టుకునే ఫారమైతే నేరుగా పాస్‌వర్డ్ బాక్సులో ఉండాలి. ఇంత చిన్న విషయంలోనూ కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. డాట్‌నెట్‌లోని విండోస్ ఫారమ్స్‌లో లోడ్ ఈవెంట్‌లో ఫోకస్ మెథడ్‌ను పిలిచి, పని చేయడం లేదని తల పట్టుకుంటారు. ఆ సమయానికి ఫారం ఇంకా కనబడలేదు, కనబడని బాక్సుకు ఫోకస్ ఇవ్వడం కుదరదు. షోన్ ఈవెంట్‌లో పిలవండి, లేదంటే యాక్టివ్ కంట్రోల్ ప్రాపర్టీకి ఆ బాక్సును ఇచ్చేయండి. జావా స్వింగ్‌లో అయితే ప్యాక్ చేసిన తర్వాత, విండో కనబడక ముందు రిక్వెస్ట్ ఫోకస్ ఇన్ విండో అని పిలిస్తే సరిపోతుంది.

మొదట ఒకసారి ఇచ్చాక ఇక మీ అంతట మీరు ఫోకస్‌ను కదపకండి. దీన్ని గట్టిగా చెబుతున్నానంటే కారణముంది. డేటాబేసు కనెక్షన్ దొరకడానికి ఒక్కోసారి నాలుగైదు సెకన్లు పడుతుంది. దొరికాక "సిద్ధం" అని చూపించి, యూజర్‌నేమ్ బాక్సుకు ఫోకస్ ఇచ్చే కోడ్ రాస్తారు కొందరు. ఆలోపు అలవాటున్న ఆపరేటర్ యూజర్‌నేమ్ కొట్టేసి, ట్యాబ్ కొట్టి, పాస్‌వర్డ్ సగంలో ఉంటుంది. ఫోకస్ హఠాత్తుగా పై బాక్సుకు ఎగిరిపోతే మిగతా సగం పాస్‌వర్డ్ చుక్కల వెనక దాగదు, యూజర్‌నేమ్ పక్కన అందరికీ కనబడేలా పడుతుంది. ఎదురుగా పది మంది నిలబడి ఉన్న కౌంటర్‌లో ఇది చిన్న తప్పు కాదు.

ట్యాబ్ కొడితే ఫోకస్ ఏ వరసలో కదలాలన్నది తర్వాతి సంగతి. విండోస్ ఫారమ్స్ డిజైనర్‌లో కంట్రోల్స్‌ను ఏ వరసలో తెచ్చి పెడితే ట్యాబ్ ఇండెక్స్ నంబర్లు ఆ వరసలోనే పడతాయి. మొదట బటన్ పెట్టి, తర్వాత బాక్సులు పెట్టి, వాటిని అందంగా సర్దుకుంటే కంటికి అంతా సరిగ్గానే ఉంటుంది. ట్యాబ్ మాత్రం యూజర్‌నేమ్ నుంచి ఎటో దూకుతుంది. శివరాత్రి జాతరకు కీసరగుట్ట ఎక్కిన భక్తుడు బారికేడ్ల మధ్య ఎటు పోవాలో ఎవరినీ అడగడు, అడుగు ముందుకు వేస్తూ పోతే రామలింగేశ్వరుడి గర్భగుడి ముందే తేలతాడు. మీ ట్యాబ్ వరస అలా ఉండాలి: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ చూపించే గుర్తు, లాగిన్ బటన్, రద్దు బటన్. షిఫ్ట్‌తో కలిపి ట్యాబ్ కొడితే అదే దారిలో వెనక్కి. పాస్‌వర్డ్ చూపించే కన్ను గుర్తును ట్యాబ్ వరసలోంచి తీసేయాలని కొందరంటారు, ఒక కీ ఆదా అవుతుందని. నేను ఒప్పుకోను. మౌస్ వాడలేని మనిషికి ఆ గుర్తు అసలు లేనట్టే అయిపోతుంది. పాస్‌వర్డ్ బాక్సులో ఎంటర్ కొడితే లాగిన్ అయ్యేటట్టు ఉంటే, మధ్యలో ఉన్న ఆ గుర్తు ఎవరికీ అడ్డం రాదు.

ఇక ఎంటర్. లాగిన్ ఫారంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచే కీ ఇదే, ఎందుకంటే దీని వెనక రెండు వంశాలున్నాయి. ఐబీఎం 1971లో తెచ్చిన 3270 టెర్మినళ్లలో ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లడానికి ట్యాబ్ ఉండేది. ఎంటర్ కొడితే నింపిన స్క్రీన్ మొత్తం మెయిన్‌ఫ్రేమ్‌కు వెళ్లిపోయేది. 1987లో అదే సంస్థ కామన్ యూజర్ యాక్సెస్ అనే నియమావళిని విడుదల చేసి ఆ పద్ధతిని పీసీలకూ పాకించింది. విండోస్ డైలాగుల్లో ఎంటర్ అంటే "అయిపోయింది, పంపు" అనే అర్థం అలా స్థిరపడింది. మనం పాఠాల్లో నేర్చుకునేది ఈ వంశం.

మన దగ్గర లెక్కలు రాసేవాళ్లలో చాలామంది వేళ్లు నేర్చుకున్నది వేరే. బెంగళూరులో 1986లో మొదలైన సంస్థ నుంచి వచ్చిన ట్యాలీలో ఎంటర్ అంటే "ఈ గడి అయింది, తర్వాతి గడికి పద" అని అర్థం. స్క్రీన్ మొత్తాన్ని ఒప్పుకోవడానికి కంట్రోల్‌తో ఏ కొట్టాలి. ట్యాలీ కోర్సు చేసి ఎరువుల దుకాణంలోనో, కోళ్ల దాణా కంపెనీలోనో అకౌంట్లు చూసే మనిషి మీ ఫారం ముందు కూర్చుంటే ఏం చేస్తుంది? యూజర్‌నేమ్ కొట్టి ఎంటర్ కొడుతుంది. మీ ఫారం పాస్‌వర్డ్ ఖాళీగా ఉండగానే లాగిన్‌కు ప్రయత్నించి "పాస్‌వర్డ్ తప్పు" అని ఎర్రగా అరుస్తుంది. ఆమె ఇంకా పాస్‌వర్డ్ కొట్టనే లేదు. కొట్టని దాన్ని తప్పంటే ఎవరికైనా ఎలా ఉంటుంది?

ఏ వంశం సరైనదని వాదులాడుకోనక్కర్లేదు. రెండిటినీ గౌరవించే దారి తేలికగానే ఉంది. లాగిన్ బటన్ నొక్కినప్పుడు నడిచే కోడ్‌లో మొట్టమొదట ఒక మాట అడగండి: పాస్‌వర్డ్ ఖాళీగా ఉందా? ఉంటే తప్పు చూపించొద్దు, మారు మాట్లాడకుండా కర్సర్‌ను పాస్‌వర్డ్ బాక్సులోకి పంపండి. ట్యాలీ చేతులకు ఎంటర్ తర్వాతి గడికి తీసుకెళ్లినట్టు అనిపిస్తుంది. విండోస్ చేతులు ట్యాబ్ కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి, ఎంటర్ కొడితే లాగిన్ అయిపోతుంది. ఐడీ కార్డు మీది బార్‌కోడ్‌ను స్కానర్‌తో చదివించే చోట్ల కూడా ఇది కాపాడుతుంది. మామూలు యూఎస్‌బీ స్కానర్ కంప్యూటర్‌కు ఇంకో కీబోర్డులాగే కనబడుతుంది, నంబరును కొట్టి చివర ఎంటర్ కూడా కొట్టేలా అమర్చి ఉండడం మామూలే. ఖాళీ పాస్‌వర్డ్‌తో లాగిన్‌కు పోయే ఫారం అయితే ప్రతి కార్డుకూ ఒక తప్పు లెక్కవుతుంది.

అమలు చేయడానికి కీ లిజనర్లతో కుస్తీ పట్టొద్దు. విండోస్ ఫారమ్స్‌లో ఫారం యాక్సెప్ట్ బటన్ ప్రాపర్టీకి లాగిన్ బటన్‌నూ, క్యాన్సిల్ బటన్ ప్రాపర్టీకి రద్దు బటన్‌నూ ఇచ్చేయండి, ఎంటర్, ఎస్కేప్ రెండూ వాటి దారిన అవి పనిచేస్తాయి. యాక్సెప్ట్ బటన్ పెట్టాక ఎంటర్ మీ టెక్స్ట్ బాక్సు కీ డౌన్ ఈవెంట్ దాకా రాదు, ఫారమే ముందు తీసేసుకుంటుంది. ఇది తెలియక గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు. స్వింగ్‌లో రూట్ పేన్‌కు డిఫాల్ట్ బటన్ పెట్టవచ్చు, లేదా రెండు టెక్స్ట్ ఫీల్డులకూ యాక్షన్ లిజనర్ తగిలించవచ్చు. ఎంటర్ కొడితే యాక్షన్ ఈవెంటే వస్తుంది.

కీ లిజనర్‌తోనే చేస్తానని పట్టుబట్టేవాళ్ల కోసం ఒక తప్పును వివరంగా చెప్పాలి, దీనివల్ల అకౌంట్లు లాక్ అయ్యే ప్రమాదముంది కాబట్టి. ఒక కీ నొక్కితే మూడు ఈవెంట్లు వస్తాయి. నొక్కినప్పుడు కీ డౌన్, అక్షరం పుట్టినప్పుడు కీ ప్రెస్, వేలు తీసినప్పుడు కీ అప్. స్వింగ్‌లో వీటినే కీ ప్రెస్డ్, కీ టైప్డ్, కీ రిలీజ్డ్ అంటారు. మీరు ఎంటర్‌ను కీ అప్‌లో పట్టుకుని లాగిన్ కోడ్‌ను పిలిచారనుకోండి. పాస్‌వర్డ్ తప్పయింది, మెసేజ్ బాక్సు వచ్చింది: "పాస్‌వర్డ్ సరికాదు, ఓకే". ఆపరేటర్ ఎంటర్ కొట్టి దాన్ని మూస్తుంది. మెసేజ్ బాక్సు మూతపడేది కీ కిందికి పోయినప్పుడే, వేలు ఇంకా ఎంటర్ మీదే ఉంది. వేలు పైకి లేచేసరికి ఫోకస్ మీ పాస్‌వర్డ్ బాక్సుకు తిరిగి వచ్చేసింది. కీ అప్ ఈవెంట్ అక్కడికి చేరుతుంది. మీ కోడ్ అదే తప్పు పాస్‌వర్డ్‌తో మళ్లీ లాగిన్‌కు పోతుంది, మళ్లీ మెసేజ్ బాక్సు. మూడు తప్పులకు అకౌంట్ లాక్ చేసే వ్యవస్థ అయితే, ఒక్కసారి తప్పు కొట్టిన మనిషి లాక్ అయిపోయి, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి "నేను ఒక్కసారే కొట్టిన సార్" అంటుంది. సూపర్‌వైజర్ నమ్మడు. లాగ్ తెరిస్తే మూడు ప్రయత్నాలు కనబడతాయి మరి.

కాబట్టి చర్య ఏదైనా కీ డౌన్‌లో లేదా యాక్షన్ ఈవెంట్‌లో. వేలు అలాగే నొక్కి పట్టుకుంటే కీ డౌన్ మళ్లీ మళ్లీ వస్తుందని కూడా గుర్తుంచుకోండి. లాగిన్ జరుగుతున్నంతసేపు ఒక ఫ్లాగ్ పెట్టి, అది ఉండగా వచ్చిన రెండో ఎంటర్‌ను వదిలేయండి. బటన్‌ను డిజేబుల్ చేస్తే చాలదా అంటారు కొందరు. ఫోకస్ ఉన్న బటన్‌ను డిజేబుల్ చేస్తే ఫోకస్ పక్క కంట్రోల్‌కు జారుతుంది, తిరిగి ఎక్కడ నిలబడిందో వాడేవాళ్లకు తెలియదు. ఫ్లాగే మేలు.

తప్పు చూపించడానికి మెసేజ్ బాక్సే అవసరం లేదని నా నమ్మకం. పాస్‌వర్డ్ బాక్సు కిందే ఒక వరస చోటుంచి అక్కడ చూపించండి. యూజర్‌నేమ్‌ను ఉన్నదున్నట్టు ఉంచండి, పాస్‌వర్డ్‌ను మొత్తం ఎంపిక చేసి కర్సర్‌ను అక్కడే నిలపండి. అప్పుడు ఆపరేటర్ వెంటనే కొత్తది కొట్టడం మొదలుపెట్టవచ్చు, పాతది దానంతటదే చెరిగిపోతుంది. రెండు బాక్సులనూ ఖాళీ చేసి మొదటికి తెచ్చే ఫారాలు చూస్తే, తప్పు చేసినవాళ్లను శిక్షించాలన్న తొందర కనబడుతుంది నాకు.

ఫోకస్ పోయినప్పుడు తనిఖీ చేయడం మరో చోటు, ఇక్కడ చాలామంది మంచి ఉద్దేశంతోనే చెడ్డ పని చేస్తారు. యూజర్‌నేమ్ ఖాళీగా వదిలి బయటికి పోతే వెంటనే చెప్పాలనుకుని, ఫోకస్ లాస్ట్ ఈవెంట్‌లో మెసేజ్ చూపించి, ఫోకస్‌ను వెనక్కి లాగుతారు. పాస్‌వర్డ్ బాక్సుకూ అదే రాస్తారు. ఇక చూడండి. యూజర్‌నేమ్ నుంచి పాస్‌వర్డ్‌కు వెళ్లగానే యూజర్‌నేమ్ వెనక్కి లాగుతుంది, అలా లాగడంతో పాస్‌వర్డ్ ఫోకస్ పోయింది కాబట్టి అదీ లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ మెసేజ్‌ల మీద మెసేజ్‌లు కురిపిస్తాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చంపేదాకా ఆగదు.

విండోస్ ఫారమ్స్ దీనికి వ్యాలిడేటింగ్ అనే ఈవెంట్ ఇచ్చింది. అందులో క్యాన్సిల్ అంటే ఫోకస్ బయటికి పోకుండా ఆగుతుంది. అయితే అలా ఆపితే రద్దు బటన్ కూడా నొక్కలేం, దాని కాజెస్ వ్యాలిడేషన్ ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే తప్ప. లోపలికి వచ్చిన మనిషిని బయటికి పోనివ్వని ఫారం ఎంత బాగా తనిఖీ చేసినా నాకు నచ్చదు. లాగిన్ ఫారంలో ఫోకస్ పోయినప్పుడు అసలు ఏ తనిఖీ వద్దు, లాగిన్ నొక్కినప్పుడు ఒక్కసారి చూసుకుంటే చాలు. ఇంకో సంగతి కూడా ఉంది. పాస్‌వర్డ్ ఈమెయిల్‌లో వచ్చింది, చూసుకుందామని ఆల్ట్ ట్యాబ్ కొట్టి వేరే విండోకు వెళితే కూడా స్వింగ్‌లో ఫోకస్ లాస్ట్ ఈవెంట్ వస్తుంది. అది తాత్కాలికమో కాదో చెప్పడానికి ఈవెంట్‌కు ఈజ్ టెంపరరీ అనే మెథడ్ ఉంది, అడిగి చూడండి. విండోస్ ఫారమ్స్‌లో లీవ్ ఈవెంట్ అలాంటప్పుడు రాదు, లాస్ట్ ఫోకస్ వస్తుంది. పాస్‌వర్డ్ చూసుకోవడానికి వెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి ఎర్రక్షరాలతో స్వాగతం చెప్పొద్దు.

కీ ప్రెస్‌లో అక్షరాలను వడపోసేవాళ్లకు ఒక మాట. యూజర్‌నేమ్‌లో అంకెలే రావాలని మిగతావన్నీ మింగేస్తే బ్యాక్‌స్పేస్ కూడా వాటితో పాటే పోతుంది, కంట్రోల్ వీ కూడా. పాస్‌వర్డ్‌ను పేస్ట్ చేయనివ్వకపోవడం భద్రత అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017 నాటి మార్గదర్శకాల్లోనే పేస్ట్‌ను అనుమతించమని చెప్పింది. పేస్ట్ చేయగలిగితేనే మనుషులు పొడవైన పాస్‌వర్డ్‌లను పాస్‌వర్డ్ మేనేజర్లలో దాచుకుని వాడగలుగుతారు.

ఇప్పుడు మన భాషకు సంబంధించిన సంగతి, ఇది బయటి పుస్తకాల్లో మీకు దొరకదు. ఆఫీసులో తెలుగులో ఉత్తరం టైప్ చేస్తున్న ఉద్యోగి మీ అప్లికేషన్ తెరిచి లాగిన్ అవుతాడు. కీబోర్డు ఇంకా తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లోనే ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఖరారు చేసిన ఆ అమరికలో ఇంగ్లిష్ కె కీ మీద క, ఏ కీ మీద ఓత్వం, ఎం కీ మీద స, ఎల్ కీ మీద త ఉంటాయి. ఆయన పాస్‌వర్డ్ కమల్ అనే పేరును ఇంగ్లిష్‌లో రాసినదనుకోండి. అవే అయిదు కీలు వరసగా నొక్కితే లోపల పడేది "కోసోత". తెర మీద మాత్రం అయిదు చుక్కలు, ఎప్పటిలాగే. యూజర్‌నేమ్ బాక్సులో అయితే తెలుగు కనబడి గుర్తుపట్టేవాడు. యూజర్‌నేమ్‌ను ఫారమే గుర్తుపెట్టుకుని నేరుగా పాస్‌వర్డ్‌కు తీసుకెళ్లింది కాబట్టి ఆ అవకాశమూ పోయింది. మనం సౌకర్యం కోసం చేసిన పని ఇక్కడ ఆయన కళ్లకు గంతలు కట్టింది. మూడుసార్లు కొడతాడు, మూడుసార్లూ సరైన కీలే కొడతాడు, మూడుసార్లూ తప్పే అవుతుంది.

ఐఎంఈని, అంటే ఇన్‌పుట్ మెథడ్ ఎడిటర్‌ను, ఆపేస్తే సరిపోతుందనుకోవద్దు. ఇన్‌స్క్రిప్ట్ అనేది విండోస్‌లో ఒక కీబోర్డు అమరిక, ఐఎంఈ కాదు. ఐఎంఈ మోడ్‌ను డిజేబుల్ చేసినా దానికేమీ కాదు. పాస్‌వర్డ్ బాక్సులోకి రాగానే కోడ్‌తో ఇంగ్లిష్‌కు మార్చేసి, బయటికి పోగానే తిరిగి తెలుగుకు మార్చడం ఒక దారి. ఇన్‌పుట్ లాంగ్వేజ్ క్లాసులో దానికి వీలుంది. నాకది అంత ఇష్టం లేదు. విండోస్ 8 నుంచి కీబోర్డు భాష మామూలుగా అన్ని విండోలకూ కలిపి ఒక్కటే. ఆయన మధ్యలో ఆల్ట్ ట్యాబ్ కొట్టి ఉత్తరానికి తిరిగి వెళితే, లీవ్ ఈవెంట్ రాక, అక్కడ తెలుగుకు బదులు ఇంగ్లిష్ పడుతుంది. ఒకచోట ఇబ్బంది తీర్చబోయి ఇంకోచోట పెట్టినట్టవుతుంది. మనిషి కీబోర్డును మనం మార్చడం కన్నా, ఏముందో చెప్పడం మర్యాద. పాస్‌వర్డ్ బాక్సుకు ఫోకస్ రాగానే ప్రస్తుత భాషను చూసి, తెలుగు అయితే కిందనే "తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంది. ఇంగ్లిష్‌కు మారడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కండి" అని చూపించండి. ఆయన మార్చగానే ఫారంకు ఇన్‌పుట్ లాంగ్వేజ్ ఛేంజ్‌డ్ ఈవెంట్ వస్తుంది, అప్పుడు ఆ వరసను తీసేయండి.

క్యాప్స్ లాక్‌కూ అదే వరస, అదే పద్ధతి. విండోస్ ఫారమ్స్‌లో ఈజ్ కీ లాక్డ్, జావాలో టూల్‌కిట్ క్లాసులోని గెట్ లాకింగ్ కీ స్టేట్ చెబుతాయి. ఫోకస్ రాగానే ఒకసారి, ఆ తర్వాత కీ వదిలిన ప్రతిసారీ ఒకసారి చూడాలి, ఎందుకంటే మధ్యలో చిటికెనవేలు క్యాప్స్ లాక్‌కు తగలవచ్చు. కీ అప్‌లో చర్యలు వద్దన్నాను, ఇలా చూసి చెప్పడం వరకు అది సరైన చోటే.

మీరు రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మౌస్ యూఎస్‌బీ తీగ పీకేయండి. ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్‌ను ఆపేయండి. ఫారం తెరిచి లాగిన్ అవండి, తప్పు పాస్‌వర్డ్‌తో ఒకసారి, సరైన దానితో ఒకసారి, ఎస్కేప్ కొట్టి బయటికి ఒకసారి. ప్రతి అడుగులో కర్సర్ ఎక్కడుందో తెర చూసి చెప్పగలగాలి. తర్వాత మీ అమ్మనో, మేనమామనో, పక్కింటి అక్కనో కూర్చోబెట్టండి, ఏమీ చెప్పకండి. వాళ్ల వేలు ఏ కీ దగ్గర ఆగిపోతుందో కాగితం మీద రాసుకోండి. నోరు విప్పి "ఇక్కడ ట్యాబ్ కొట్టాలి" అని చెప్పబుద్ధవుతుంది, ఆపుకోండి. మీరు ప్రతి కౌంటర్ పక్కనా నిలబడి చెప్పలేరు కదా.

ఆ తర్వాత తెర ఆపేసి చేయండి. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. చూపు లేని ఉద్యోగికి ఫోకస్సే చూపు. ఫోకస్ ఎక్కడికి పోతే అక్కడున్నది వినబడుతుంది, ఫోకస్ పోనిది ఆయనకు లేనట్టే. బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉన్న నగరం మనది, అక్కడ చదువుకున్న పిల్లలు రేపు మీ అప్లికేషన్ ముందు కూర్చునే ఉద్యోగులు కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికతను వాళ్లకు అందుబాటులో ఉంచమంటోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెబ్ కోసం రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అన్నీ కీబోర్డుతో చేయగలగాలి, కీబోర్డు ఎక్కడా ఇరుక్కుపోకూడదు, ఫోకస్ వరస అర్థవంతంగా ఉండాలి, ఫోకస్ కంటికి కనబడాలి అని నాలుగు నియమాలున్నాయి. డెస్క్‌టాప్ ఫారంకూ అవి అచ్చంగా సరిపోతాయి.

జావా అప్లికేషన్ అయితే ముందు విండోస్‌లో జావా యాక్సెస్ బ్రిడ్జ్‌ను ఆన్ చేయాలి, కమాండ్ ప్రాంప్ట్‌లో జాబ్‌స్విచ్ కమాండ్‌కు ఎనేబుల్ అనే ఆప్షన్ ఇస్తే అయిపోతుంది. తెర చీకటి చేసి ట్యాబ్ కొడుతూ వినండి. పాస్‌వర్డ్ బాక్సు దగ్గరికి వచ్చినప్పుడు ముందు "పాస్‌వర్డ్" అనే లేబుల్ పేరు వినబడాలి. పేరు లేకుండా ఉత్త ఎడిట్ బాక్సు అని మాత్రమే వినబడితే, తెర మీద పక్కనే రాసి ఉన్న లేబుల్‌కూ ఆ బాక్సుకూ మీరు సంబంధం కలపలేదన్నమాట. స్వింగ్‌లో లేబుల్ మీద సెట్ లేబుల్ ఫర్ అనే ఒక్క లైను రాయండి. విండోస్ ఫారమ్స్‌లో లేబుల్ ట్యాబ్ ఇండెక్స్ బాక్సు నంబరుకు సరిగ్గా ముందుది అయ్యేలా చూడండి. తప్పు జరిగినప్పుడు కింద చూపించే ఎర్ర వరసను కూడా చదువుతోందో లేదో వినండి. చదవకపోతే ఆ మాటలను పాస్‌వర్డ్ బాక్సు యాక్సెసిబుల్ డిస్క్రిప్షన్‌లో కూడా పెట్టి, ఫోకస్‌ను ఆ బాక్సుకు మళ్లీ తెచ్చి ఇంకోసారి వినండి.